మన ఇంటికొచ్చి రాసుకున్న నోటుబుక్కు ఎక్కడికి పోతుంది?

కెనడాలో టొరంటో యూనివర్సిటీ మెడికల్ స్టూడెంట్లు నడుపుకునే పత్రిక ఒకటుంది. పేరు యూనివర్సిటీ ఆఫ్ టొరంటో మెడికల్ జర్నల్. 1923లో మొదలుపెట్టారు, 2023తో నూరేళ్ళు నిండాయి. వ్యాసాలు ఎంచేదీ, దిద్దేదీ, పత్రిక బయటికి తెచ్చేదీ చదువుకునే పిల్లలే. ఒక బ్యాచ్ డాక్టర్లై వెళ్ళిపోతుంటే తర్వాతి బ్యాచ్ అందుకుంటుంది. అత్తమ్మ చేతి నుంచి కోడలి చేతికి వచ్చే మామిడికాయ తొక్కు జాడీ లాగన్నమాట. జాడీ పాతదే, తొక్కు మాత్రం ఏ ఏటికాయేడు కొత్తది.

ఎక్కడో కెనడా సంగతి మనకెందుకమ్మా అంటారా? అదే 2023లో మన కరీంనగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ కాలేజీలూ ఆ ఏడాదివే. అంతకు ముందు ఏడాది జగిత్యాల, మంచిర్యాల, రామగుండం. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచీ ఉంది. కరీంనగర్‌లో ప్రతిమ, చల్మెడ ఆనందరావు ప్రైవేటు కాలేజీలు ఇంకా పాతవి. పాత రెండు జిల్లాల్లో కలిపి నా లెక్కకు పది. నా చిన్నప్పుడు మెడిసిన్ అంటే వరంగల్ పోవాలి, లేదంటే హైదరాబాద్. ఇప్పుడు బస్టాండుకు పోయినా, కూరగాయల మార్కెట్‌కు పోయినా తెల్ల కోటు చేతిమీద వేసుకున్న ఆడపిల్లలు కనబడుతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. కానీ ఈ పది కాలేజీల్లో చదివే పిల్లలు నాకు తెలిసినవాళ్ళు కొందరున్నారు. మీ కాలేజీలో మీరే నడుపుకునే పత్రిక ఉందా అని అడిగితే ఒక్కరూ ఉందని చెప్పలేదు. "కాలేజ్ డేకి మ్యాగజైన్ వస్తది కదా ఆంటీ" అన్నదొక పిల్ల. మ్యాగజైన్ వేరు. అందులో ప్రిన్సిపాల్ సందేశం, గ్రూప్ ఫోటో, రెండు కవితలు ఉంటాయి. నేననేది, చూసిన జబ్బును, చూసిన మనిషిని, చూసినట్టుగా రాసి పదిమంది ముందు పెట్టే పత్రిక.

విద్యార్థులు ఏం రాస్తారులే, వాళ్ళే ఇంకా నేర్చుకుంటున్నారు అనే మాట చాలామంది నోట విన్నాను. అలా అనేవాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూడాలి. కరివేపాకు డబ్బా పక్కనో, కోడిగుడ్ల అరలోనో ఇన్సులిన్ సీసా ఉండే ఇళ్ళు ఇప్పుడు వాడకు రెండు మూడున్నాయి. ఆ సీసా వెనక ఇద్దరు కుర్రవాళ్ళున్నారు.

మొదటివాడు పాల్ లాంగర్‌హాన్స్. జర్మనీలో, బెర్లిన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. 1869లో, 21 ఏళ్ళ వయసులో, క్లోమగ్రంథిని సూక్ష్మదర్శిని కింద చూస్తుంటే అక్కడక్కడా దీవుల్లా చిన్న చిన్న కణాల గుంపులు కనిపించాయి. అవి ఏం పని చేస్తాయో అతనికి తెలియలేదు. తెలియదనే రాశాడు. ఉన్నాయని మాత్రం కొలతలతో సహా రాసిపెట్టాడు. ఆ తర్వాత 52 ఏళ్ళకు, 1921 ఎండాకాలంలో, టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే డాక్టరు పక్కన నిలబడి చార్లెస్ బెస్ట్ అనే 22 ఏళ్ళ విద్యార్థి పనిచేశాడు. ఆ దీవుల్లోంచి వచ్చే పదార్థాన్నే వాళ్ళు వెతికి పట్టుకున్నారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ పిల్లవాడికి మొదటి ఇంజెక్షన్ పడింది. అంతకు ముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలను తల్లులు ఒళ్ళో పెట్టుకుని పస్తులుంచి, చిక్కి శల్యమై పోతుంటే చూస్తూ కూర్చోవాల్సిందే. వేరే దారి లేదు.

ఈ కథలో నాకు ఇన్సులిన్ ఎంత పెద్దదో, లాంగర్‌హాన్స్ రాసిన "నాకు తెలియదు" కూడా అంత పెద్దది. తెలియనిదాన్ని కూడా జాగ్రత్తగా రాసి పెట్టినందువల్లే ఇంకొకరికి పనికొచ్చింది. ఇంకో మాట కూడా చెప్పాలి. 1923లో ఈ పనికి నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్‌కు, ప్రయోగశాల ఇచ్చిన ప్రొఫెసర్ మెక్లియాడ్‌కు. విద్యార్థి బెస్ట్ పేరు లేదు. బాంటింగ్ తన వాటా డబ్బులో సగం బెస్ట్‌కు ఇచ్చాడు. టొరంటో పిల్లలు తమ పత్రిక పెట్టుకున్నదీ అదే ఏడాది. రెండింటికీ సంబంధం ఉందని నేను చెప్పట్లేదు. కానీ పని చేసిన పిల్లల పేరు పైవాళ్ళ పేర్ల కింద మాయమవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తమదంటూ ఒక పత్రిక ఉంటే ఆ పేరు నిలవడానికి ఒక చోటంటూ ఉంటుంది.

సరే, ఇక మన ఇళ్ళ సంగతి.

2022 నుంచి ఎంబీబీఎస్ చదువులో కుటుంబ దత్తత కార్యక్రమం అని ఒకటి పెట్టారు. మొదటి ఏడాది నుంచే పిల్లలు పల్లెలకు వెళ్ళాలి. ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలు. ఆ ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ పోయి బీపీ చూడాలి, బరువు తూచాలి, రక్తం ఎంతుందో చూడాలి, ఏం తింటున్నారో అడగాలి, అన్నీ లాగ్‌బుక్కులో రాయాలి. మీలో పల్లెల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళకు వచ్చే ఉంటారు. ఎండలో వచ్చారని మనం మంచినీళ్ళిస్తాం, చాయ్ పెడతాం, మన పిల్లల్లాంటివాళ్ళే కదా అని డాక్టరమ్మకు చెప్పనివి కూడా వాళ్ళకు చెప్పేస్తాం. ఆ లాగ్‌బుక్కు మీద సార్ సంతకం పడుతుంది. మార్కులు పడతాయి. తర్వాత? హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లవాడికి కిలోల లెక్కన పోతుంది.

మా మేనకోడలు ఇప్పుడు మెడిసిన్ రెండో ఏడాది. సెలవులకు మా ఇంటికొచ్చినప్పుడు దాని లాగ్‌బుక్కు తిరగేశాను. ఒక ఇంట్లో అయిదో నెల గర్భిణి, రక్తం 7 గ్రాములు. ఫారంలో ఒక గడి ఉంది, ఐరన్ మాత్రలు ఇచ్చారా అని. అవును అని టిక్కు పెట్టి ఉంది. ఆ గడి పక్కన అంచులో పెన్సిల్‌తో సన్నగా దాని రాత. "మాత్రలు బియ్యం డబ్బా వెనక ఉన్నవి. ఒక్కటి కూడా మింగలేదు. కడుపులో మంట, విరేచనం నల్లగా అవుతోంది అంటది. అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, పెద్దగా అయి కాన్పు కష్టమైతదని అత్త అన్నదట."

"ఇది అంచులో ఎందుకు రాసినవే, లోపల రాయలేదా?" అన్నాను.

"లోపల గడి లేదత్తా" అంది.

నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తర్వాత 2019-20లో వచ్చిన అయిదో సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మాత్రలు ఊరూరా పంచుతూనే ఉన్నారు. ఆశా అక్కలు ఇంటింటికీ మోసుకొచ్చి ఇస్తూనే ఉన్నారు. పంచినవాటి లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది. బియ్యం డబ్బా వెనక ఉన్నవాటి లెక్క ఎవరి దగ్గరుంది? మా పిల్ల పెన్సిల్ రాతలో ఉంది. దానితో పాటు చదివే నూరుమంది రాతల్లో ఇంకెన్ని ఉన్నాయో. అవన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఉత్తర తెలంగాణలో ఆడవాళ్ళు ఐరన్ మాత్ర ఎందుకు మింగట్లేదో చెప్పే వ్యాసం తయారవుతుంది. దానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. విదేశీ నిధులు అక్కర్లేదు. అంచులో రాసినదాన్ని లోపలికి తెచ్చే చోటు కావాలి, అంతే.

కాన్పుల సంగతి తీసుకోండి. అదే సర్వేలో కరీంనగర్ జిల్లాలో కాన్పుల్లో నూటికి 82 ఆపరేషన్లే. రాష్ట్రమంతా కలిపితే 60. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 27. దేశం లెక్క 21. ఈ అంకెలు పేపర్లలో వచ్చినప్పుడు టీవీల్లో ఒక వారం గొడవ జరిగింది. ప్రైవేటు దవాఖానల దోపిడీ అని కొందరు, ఆడవాళ్ళకే నొప్పులు పడే ఓపిక లేదని కొందరు. రెండో మాట అన్నవాళ్ళలో ఒక్కరైనా నొప్పులు పడ్డవాళ్ళున్నారా అని నాకు అనుమానం.

నేను చూసింది వేరు. మా వాడలోనే ఒకామె ముహూర్తం కోసం ఆపరేషన్ చేయించుకుంది. పంతులు రాసిచ్చిన చీటీ స్కానింగ్ కాగితం కంటే భద్రంగా దాచింది ఆమె అత్తగారు. ఇంకొకామెకు మొదటి కాన్పు ఆపరేషన్ కాబట్టి రెండోదీ అదే అన్నారు, మాటే లేదు. ఇంకొకామె భర్త దుబాయ్‌లో ఉంటాడు. సెలవు దొరికిన పది రోజుల్లో బిడ్డ పుట్టాలి. మన జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళెందరో మీకు చెప్పక్కర్లేదు. అత్తగారు బీడీలు చుట్టాలి, తల్లి పొలం పోవాలి, రాత్రిపూట నొప్పులొస్తే తోడెవరు అనే భయంతో పగటిపూట ఆపరేషన్‌కు ఒప్పుకున్న పిల్ల కూడా నాకు తెలుసు. ఇందులో ఏ కారణం ఎంత? 82 అనే అంకె చెప్పదు. మన వంటింట్లో పీట మీద కూర్చుని అడిగిన పిల్ల చెప్పగలదు.

ఆసిఫాబాద్ 27 చూసి సంబరపడాలా అన్నదీ నాకు సందేహమే. ఏజెన్సీలో వానాకాలం వాగు పొంగితే గర్భిణిని మంచం మీద మోసుకుని దాటించే ఫోటోలు ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆపరేషన్ అక్కర్లేక చేయని ఇల్లెన్ని, అవసరమైనా అందని ఇల్లెన్ని? కరీంనగర్ పిల్లలు, ఆసిఫాబాద్ పిల్లలు కలిసి ఒక వ్యాసం రాస్తే ఎంత బాగుంటుంది! రెండు కాలేజీలదీ ఒకటే వయసు. నూరున్నర కిలోమీటర్ల లోపు దూరం. రెండు చోట్లా తల్లులే, కథలు మాత్రం ఒకదానికొకటి తిరగేసినట్టు.

ఇక తల్లుల అభ్యంతరం. అది నాకు బాగా తెలుసు, మా వదిన రోజూ అంటుంది కాబట్టి. "పత్రికలు గిత్రికలు తర్వాత, ముందు పీజీ సీటు రానీయ్." తప్పేం కాదు. ఇవాళ ఉత్త ఎంబీబీఎస్‌కు పెళ్ళి సంబంధాల్లో కూడా విలువ తగ్గిందని మనమే అంటున్నాం. అయిదున్నరేళ్ళు చదివి మళ్ళీ రెండేళ్ళు గదిలో కూర్చుని వేల ప్రశ్నలకు గుండ్రాలు నింపే పిల్లలను చూస్తే గుండె తరుక్కుపోతుంది. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి ఏరే చదువు ఒక్కటే అయితే, బియ్యం డబ్బా వెనక చూసే కన్ను ఎప్పుడొస్తుంది? నెలకు రెండు ఆదివారాలు పోతే సీటు పోదు. మన పిల్లలు ఫోన్‌లో పోగొట్టే ఆదివారాలు మనం లెక్క పెట్టట్లేదు కదా. భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచే ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల చిన్న పరిశోధన చేసుకోమని స్టైపెండ్ ఇస్తోంది. అంటే పిల్లలు చేయగలరని ఢిల్లీలో పెద్దవాళ్ళు నా పెళ్ళి కాకముందే నమ్మారు. నమ్మాల్సింది ఇంట్లో మనం.

మా వదినతో నేను ఒప్పుకునే భయం వేరే ఉంది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు. ఇన్ని వేలు కడితే పదిహేను రోజుల్లో మీ పేరుతో పేపర్, సర్టిఫికెట్‌తో సహా, అని పిల్లల వాట్సాప్‌లకు మెసేజులు వస్తున్నాయి. పనిలో చేయి పెట్టని నలుగురి పేర్లు కూడా అందులో చేరతాయట. అలాంటిదానికి నా ఓటు లేదు. మన ఇంటి కష్టం చెప్పించుకుని దాన్ని బయోడేటాలో ఒక వరుసగా మార్చుకుంటే, ఆ లాగ్‌బుక్కు పాత పేపర్లవాడికి పోవడమే నయం. విద్యార్థుల పత్రికలో డబ్బు కట్టేది ఉండకూడదు. ప్రతి వ్యాసం కనీసం ఇద్దరు వేరేవాళ్ళు, రాసినవాళ్ళెవరో తెలియకుండా చదివి, ఇది తప్పు, ఇది చాలదు అని తిప్పి పంపాలి. తిప్పి పంపించుకోవడం కూడా చదువే. మా పిల్లలకు మార్కులు తగ్గితేనే మనం కాలేజీకి ఫోన్ చేసే రోజులివి, కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇంకో షరతు ఉంది, ఇది పూర్తిగా మన ఆడవాళ్ళది. పేరు రాయకపోతే గుట్టు దాచినట్టే అనుకుంటారు ఈ పిల్లలు. మన ఊళ్ళు వాళ్ళకు తెలియవు. "29 ఏళ్ళ మహిళ, ఇద్దరు ఆడపిల్లలు, గర్భసంచి తీసేశారు, భర్త మస్కట్‌లో" అని రాసి ఊరి పేరు పెడితే ఇంకేం మిగిలింది? బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునేలోపు ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. గర్భసంచి మాట ఊరికే తేలేదు. 2015-16 సర్వేలో దేశమంతా కలిపి నూటికి ముగ్గురు ఆడవాళ్ళకు గర్భసంచి తీసేసి ఉంటే, తెలంగాణలో ఏడుగురికి పైగా. ఆ ఏడుగురిలో మన అక్కచెల్లెళ్ళున్నారు, యారాళ్ళున్నారు. వాళ్ళ కథ రాయాలి, తప్పకుండా రాయాలి. కానీ అడిగేటప్పుడు అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉండగా కాదు. సరేనని తల ఊపించుకుని కాదు. ఇది ఎక్కడ అచ్చవుతుంది, ఎవరు చదువుతారు అని ముందు చెప్పి, వద్దనే హక్కు ఆమెకు ఉందని కూడా చెప్పి అడగాలి. ఊరి పేరు తీసేయాలి, వయసు అటూ ఇటూగా రాయాలి. కాలేజీల్లో దీనికి ఎథిక్స్ కమిటీలుంటాయి. ఆ కమిటీలో ఒక మామూలు మనిషి కూడా ఉండాలని నిబంధన ఉంది, డాక్టరు కాని మనిషి. ఆ కుర్చీలో మనలాంటి ఒకామె కూర్చుంటే ఈ బోరింగు సంగతి చెప్పగలదు.

భాష మాట కూడా అనేస్తాను. వ్యాసాలు ఇంగ్లీషులో ఉండాలంటారు, ఉండనీయండి, బయటివాళ్ళు చదవాలి కదా. కానీ ప్రతి వ్యాసం చివర ఒక పేజీ తెలుగులో ఉండాలి. ఎవరి ఇంటికి పోయి అడిగారో ఆ ఇంటివాళ్ళు చదువుకునేలా, లేదా వాళ్ళ బిడ్డ చదివి వినిపించేలా. ఆదిలాబాద్ వైపు తెలుగు కూడా సరిపోదు. గోండీలో, కొలామీలో, మరాఠీలో జవాబు చెప్పే ఇళ్ళున్నాయి. సికిల్ సెల్ పరీక్షకు రక్తం ఎందుకు తీస్తున్నారో గోండు తల్లికి ఆమె భాషలో చెప్పిన పిల్ల, ఆమె అడిగిన ఎదురు ప్రశ్న కూడా రాసుకొస్తే నేను ఆ పత్రిక కొని చదువుతాను. మర్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతులు 1940లలో గోండుల మధ్య ఉండి రాసుకున్నారు కాబట్టే ఆనాటి బతుకులు ఇవాళ మనకు తెలుస్తున్నాయి. వాళ్ళు ఎక్కడో యూరప్ నుంచి వచ్చారు. మన పిల్లలకు ఉట్నూరు బస్సెక్కితే చాలు.

2028లో ఆదిలాబాద్ రిమ్స్‌కు ఇరవై ఏళ్ళు నిండుతాయి. పండుగ చేస్తారు, చేయాలి కూడా. శాలువాలు, మెమెంటోలు, మంత్రుల సందేశాలతో నున్నని కాగితం మీద సావనీరు కూడా వేస్తారేమో. ఆ సావనీరు ఖర్చులో సగం పెడితే విద్యార్థుల పత్రిక మొదటి సంచిక వస్తుంది. కంప్యూటర్లోనే పెట్టుకుంటే ఆ సగం కూడా అక్కర్లేదు. కష్టం మొదటి సంచికది కాదు, మూడోదీ నాలుగోదీ. మొదలుపెట్టిన బ్యాచ్ హౌస్ సర్జన్సీకి వెళ్ళిపోగానే ఇలాంటివి ఆగిపోతాయి. అందుకే పై ఏడాది పిల్లల పక్కన కింది ఏడాది పిల్లలను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టాలి. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. తొక్కు కలిపేటప్పుడు కోడలిని పక్కన కూర్చోబెట్టుకోని ఇంట్లో ఆ రుచి ఏమవుతుందో తెలుసు కదా.

మా మేనకోడలు, దాని క్లాసులో ఇంకో ముగ్గురు కలిసి వాళ్ళ లాగ్‌బుక్కుల అంచుల్లో రాసుకున్నవన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నారట. ఇంకా సార్‌కు చెప్పలేదు. వచ్చే నెల ఆ 7 గ్రాముల అమ్మాయి ఇంటికి మళ్ళీ పోవాలి. ఈసారి మాత్రల డబ్బా అడగనత్తా, పొద్దున ఏం తిన్నవక్కా అని అడుగుతా, మిగతాది ఆమే చెప్తది అంది.